ఆట, చదువు మధ్య మనసు నలిగిపోతుంటే ఏం చేయాలి: విద్యార్థి క్రీడాకారులకు సమగ్ర మార్గదర్శి

మనసు బాగోలేదని చెబితే ఏమవుతుందో ఆటలాడే పిల్లలకు ముందే తెలుసు. ఇంట్లో చెబితే "అయితే ఆట మానేసి చదువుకో" అంటారు. కోచ్‌కు చెబితే జట్టులోంచి పేరు తీసేస్తారేమోనని భయం. హాస్టల్లో ఒకరి చెవిన పడితే రాత్రి భోజనాల వేళకల్లా అందరికీ తెలిసిపోతుంది. దాంతో నెలల తరబడి లోపలే దాచుకుంటారు. ఆట పాడయ్యాక, మార్కులు పడిపోయాక, పాత గాయం తిరగబెట్టాక గానీ సంగతి బయటపడదు. ఇక్కడ చెప్పే పనుల వరుసను ఆ భయాన్ని దృష్టిలో పెట్టుకునే పేర్చాం. ఆట వదలకుండా సాయం ఎలా తీసుకోవాలి, ఎవరికి ఎంతవరకు చెప్పాలి, డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి అన్నవే ఇందులో ముఖ్యం. ఇంటర్, డిగ్రీ చదువుతూ రెండు పూటలా ప్రాక్టీసు చేసేవారి కోసం, స్పోర్ట్స్ స్కూళ్లలో, హాస్టళ్లలో ఉండేవారి కోసం ఇది రాశాం.

ఈ రోజే సాయం అడగాల్సిన సందర్భాలు

చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నా, మిమ్మల్ని మీరే గాయపరచుకుంటున్నా, పక్కన ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా, రెండు మూడు రోజులుగా నిద్ర లేకపోయినా అలుపే తెలియనంత హుషారుగా ఉన్నా, మిగతాదంతా తర్వాత చదవొచ్చు. ముందు 14416కు ఫోన్ చేయండి. ఇది మానసిక ఆరోగ్య సాయం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108 లేదా 112.

పక్క మంచం మీది స్నేహితుడి పరిస్థితి ఇలా ఉంటే అతణ్ని ఒంటరిగా వదలకండి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి. వార్డెన్‌నో, నమ్మకమున్న సార్‌నో, మేడమ్‌నో వెంటనే పిలవండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టుకురాదు. అడిగినందువల్ల చెప్పుకునే దారి దొరుకుతుంది.

ఇంకో హెచ్చరిక. పరుగెత్తుతుండగా కళ్లు తిరిగి పడిపోయినా, ఆడుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా దాన్ని "టెన్షన్" అని సర్దిచెప్పుకోకండి. గుండె డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించేదాకా ప్రాక్టీసు ఆపేయాలి.

బాధకు కారణం వేధింపులైతే శ్వాస వ్యాయామాలతో సరిపెట్టుకోవద్దు. 18 ఏళ్లలోపు వారికి లైంగిక నేరాల నుంచి రక్షణగా పోక్సో చట్టం ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. 18 దాటిన అమ్మాయిలు పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. ఆ చట్టం స్టేడియాలు, క్రీడా సంస్థలు, పోటీలు జరిగే చోట్లను కూడా పనిచోటుగానే లెక్కిస్తుంది.

మొదటి పని: రెండు వారాలు రాసి పెట్టడం

"ఏదోలా ఉంది" అంటే డాక్టరుకూ అర్థం కాదు, కోచ్‌కూ అర్థం కాదు. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని 14 రోజులు ఇవి రాయండి: పడుకున్న గంటలు, పొద్దున మంచం దిగకముందు నాడి (30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలి), మనసు ఎలా ఉందో 0 నుంచి 10లో ఒక అంకె, మానేసిన భోజనాలు, ఆ రోజు బాధపెట్టిన ఒక్క సంగతి. వీటితోపాటు ప్రాక్టీసు భారం కూడా రాయాలి. సెషన్ అయిన అరగంటకు "ఎంత కష్టంగా అనిపించింది?" అని 0 నుంచి 10లో అంకె వేసి, దాన్ని నిమిషాలతో హెచ్చించండి.

ఒక రోజు రాత ఇలా ఉంటుంది:

*మంగళవారం. నిద్ర 5½. నాడి 68. మనసు 4. ఉదయం 120 × 8 = 960. సాయంత్రం 90 × 5 = 450. మొత్తం 1410. టిఫిన్ తినలేదు. 400 మీటర్ల రిపీట్లు పూర్తి చేయలేకపోయా, అందరి ముందు తిట్లు తిన్నా.*

రెండు వారాలయ్యాక పేజీలు తిరగేస్తే చాలాసార్లు దారి అక్కడే కనిపిస్తుంది. ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్న మర్నాడే మనసు అంకె పడిపోతోందా? వారం మొత్తం భారం ముందు వారంకన్నా బాగా ఎగబాకిందా? నాడి మీ మామూలు సగటుకన్నా ఏడెనిమిది ఎక్కువగా మూడు రోజులు నిలిచిందా? అలా ఉంటే శరీరం కోలుకోవడం లేదని అర్థం, జ్వరం వచ్చే ముందు కూడా ఇలా జరుగుతుంది. ఇవేవీ లేకుండా, సెలవు రోజున కూడా అంకె 3, 4 దగ్గరే ఉండిపోతే సాధన తగ్గించినంత మాత్రాన అది తగ్గదు. అప్పుడు నాలుగో పనికి వెళ్లిపోండి.

చాలామంది చేసే పొరపాటు, బాధగా ఉన్న రోజున మాత్రమే రాయడం. బాగున్న రోజులు కూడా నమోదైతేనే తేడా తెలుస్తుంది. పుస్తకం ఎవరైనా చదువుతారన్న భయముంటే మాటలు మానేసి అంకెలు మాత్రమే వేసుకోండి.

రెండో పని: ఒంట్లో కారణం ఉందేమో తేల్చుకోవడం

నీరసం, చిరాకు, ఏడుపు రావడం, చదివింది గుర్తుండకపోవడం. కుంగుబాటులో ఇవన్నీ ఉంటాయి. రక్తం తక్కువైనా ఇవే ఉంటాయి. ఈ పరీక్షలు చేయించకుండా "మనోబలం లేదు" అని తేల్చేయడం అన్యాయం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది), థైరాయిడ్ టీఎస్‌హెచ్, బి12, విటమిన్ డి చేయించుకోండి. అమ్మాయిల్లో హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా ఫెరిటిన్ పడిపోయి ఉండొచ్చు, అప్పుడు కూడా అలసట వస్తుంది. ఐరన్ మాత్రలు పరీక్ష చూశాకే, డాక్టరు చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. భోజనంతోపాటు టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

తిండి సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. బాక్సింగ్, రెజ్లింగ్, వెయిట్ లిఫ్టింగ్, జూనియర్ కబడ్డీలో బరువు తూచే రోజు కోసం పిల్లలు అన్నం మానేస్తారు, నీళ్లు మానేస్తారు. పరుగు పందేల అమ్మాయిలకు "కొంచెం తగ్గితే టైమింగ్ వస్తుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే శరీరం ఒక్కొక్క పనినీ ఆపుకుంటూ వస్తుంది: నెలసరి ఆగుతుంది, ఎముకలు బలహీనపడతాయి, నిద్ర చెడుతుంది, మనసు కుంగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీన్ని రెడ్-ఎస్ అనే పేరుతో హెచ్చరిస్తోంది. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే "కష్టపడుతోంది కాబట్టి మామూలే" అనే మాట నమ్మకండి, గైనకాలజిస్టుకు చూపించాలి. తినడానికే భయం వేస్తున్నా, తిన్నది కావాలని కక్కేస్తున్నా అది మానసిక వైద్యుడు చూడాల్సిన జబ్బు.

హాస్టల్లో అయ్యే ఏర్పాటు ఒకటుంది. పొద్దుటి ప్రాక్టీసు ముగిసిన అరగంటలో రెండు అరటిపండ్లు, ఒక పల్లీ పట్టీ, వీలుంటే రెండు ఉడికించిన గుడ్లు తినండి. టిఫిన్ ఆలస్యమయ్యే రోజుల్లో దీంతోనే క్లాసులో కునికిపాట్లు బాగా తగ్గుతాయి.

కబడ్డీలోనో ఫుట్‌బాల్‌లోనో తలకు దెబ్బ తగిలి, తర్వాతి రోజుల్లో చిరాకు, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం మొదలైతే అది కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం కావచ్చు. దెబ్బ తగిలిన రోజు మళ్లీ ఆటకు దిగకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు ఫోనూ చదువూ తగ్గించి విశ్రాంతి తీసుకోవాలి. డాక్టరు సరేనన్నాకే అంచెలంచెలుగా గ్రౌండ్‌కు వెళ్లాలి.

మూడో పని: నిద్రకు చోటు చేయడం

టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారి నాలుగున్నరకు విజిల్, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, ఆపైన దుప్పటి కింద ఫోను ఉంటే ఐదు గంటలు కూడా మిగలవు. ఎంత ధైర్యం చెప్పినా ఈ లెక్క మారదు. అందుకే కౌన్సెలింగ్ కన్నా ముందు టైమ్‌టేబుల్ ముట్టుకోవాలి.

మధ్యాహ్నం మూడులోపు 20 నుంచి 30 నిమిషాలు పడుకోండి. అంతకన్నా ఎక్కువైతే లేచాక మత్తుగా ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు ఆపేయండి. ఫోనును మంచానికి దూరంగా చార్జింగ్‌లో పెట్టండి. అలారం కోసమే ఫోను అనేవారు చిన్న గడియారం కొనుక్కోవచ్చు. వారంలో రెండు పొద్దుటి సెషన్లనైనా గంట ఆలస్యంగా మొదలుపెట్టమని జట్టంతా కలిసి సార్‌ను అడగండి. ఒక్కరే అడిగితే బద్ధకం అంటారు.

పడుకున్న 20 నిమిషాలకూ నిద్ర రాకపోతే దొర్లుతూ ఉండొద్దు. లేచి మసక వెలుతురులో కూర్చుని, రేపు చేయాల్సిన పనులు కాగితం మీద రాసి, కళ్లు మూసుకుపోతున్నప్పుడే మళ్లీ మంచమెక్కండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనడం మాత్రం వద్దు. వాటిలో కొన్ని కొద్ది వారాల్లోనే అలవాటైపోతాయి, మర్నాడు ఆటలో స్పందన నెమ్మదిస్తుంది.

నాలుగో పని: ప్రశ్నలతో కొలిచి చూడటం

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 16 ఏళ్లు దాటిన క్రీడాకారుల కోసం ఒక పరీక్షా పద్ధతి తయారుచేశారు. ఇందులో మొదటి మెట్టు ఏపీఎస్‌క్యూ అనే పది ప్రశ్నల పట్టిక. గత నాలుగు వారాల గురించి అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 మార్కులు. మొత్తం 17 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే రెండో మెట్టుకు వెళ్లాలి. అక్కడ కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7 ఉంటాయి. ఇవి గత రెండు వారాల గురించి అడుగుతాయి. రెండింటిలో దేంట్లోనైనా 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టరును కలవాలి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతని చూడకండి, అదే రోజు పెద్దవాళ్లతోనో 14416తోనో మాట్లాడండి.

ఈ అంకెలు జబ్బు ఉందో లేదో తేల్చవు, ఎవరిని త్వరగా చూపించాలో చెబుతాయి. సెలక్షన్స్ ముందు రోజునో, ఓడిపోయిన సాయంత్రమో వీటిని నింపితే అంకె పెరిగి కనిపిస్తుంది. మామూలు వారంలో నింపండి.

ఐదో పని: ఇంట్లో, గ్రౌండ్‌లో చెప్పడం

అందరూ తడబడేది ఇక్కడే. ఓడిన రోజున, మార్కులు వచ్చిన రోజున చెప్పకండి. ఆ రోజు పెద్దవాళ్లు దాన్ని సాకు అనుకుంటారు. ఆదివారం సాయంత్రంలాంటి తీరిక వేళ చూసుకోండి. చెప్పే మాటలో మూడు ఉండాలి: ఏం జరుగుతోంది, ఎన్నాళ్లుగా జరుగుతోంది, మీకేం కావాలి. మూడోది చెప్పకపోతే ఆ ఖాళీని వాళ్లు "ఆట మానెయ్"తో నింపేస్తారు.

అమ్మతో: "అమ్మా, మూడు వారాలుగా నాకు నిద్ర పట్టట్లేదు. ప్రాక్టీసుకు వెళ్లాలంటే ఏడుపొస్తోంది. ఆట మానేయాలని లేదు. ఒకసారి డాక్టరుకు చూపిద్దాం, నువ్వు నాతో రా."

కోచ్‌తో: "సార్, రెండు వారాల నుంచి రాత్రి ఐదు గంటలకు మించి నిద్ర ఉండట్లేదు, డాక్టరుకు చూపించుకుంటున్నా. ఈ పది రోజులు పొద్దుటి సెషన్ సగానికి తగ్గించుకోనా సార్? సాయంత్రం పూర్తిగా చేస్తా."

కోచ్‌కు జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. ప్రాక్టీసులో ఏం మార్చాలో చెబితే చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీది. 18 లోపు వారి చికిత్సకు తల్లిదండ్రులు తోడుండాలి కాబట్టి ఇంట్లో ఒక్కరినైనా కలుపుకోక తప్పదు. నాన్నకు నేరుగా చెప్పలేకపోతే ఆయన మాట వినే మేనమామకో, పెద్దక్కకో ముందు చెప్పండి.

వాళ్లు కొట్టిపారేస్తే నోటుపుస్తకం చూపించండి. "నాకు బాగోలేదు" అన్న మాటతో వాదించొచ్చు, 14 రోజుల నిద్ర అంకెలతో వాదించడం కష్టం. పేరున్న ఆటగాళ్ల సంగతి కూడా చెప్పొచ్చు. 2008 బీజింగ్‌లో షూటింగ్ స్వర్ణం గెలిచిన తర్వాత తాను కుంగుబాటుకు లోనయ్యానని అభినవ్ బింద్రా బహిరంగంగానే చెప్పారు. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నారు, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచారు.

ఆరో పని: పోటీ ముందు కంగారును పట్టుకోవడం

పోటీ ముందు గుండె దడ సహజం, దాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడకండి. చేతులు వణికి, ఊపిరి అందక, వచ్చిన ఆట కూడా రాకుండా పోతున్నప్పుడే ఈ శ్వాస పద్ధతి కావాలి. ముక్కుతో నాలుగు లెక్కలు లోపలికి, ఆరు లెక్కలు బయటికి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. రోజూ ఐదు నిమిషాలు, కనీసం మూడు వారాలు ఇంట్లో చేశాకే మ్యాచ్‌లో వాడాలి. మొదటిసారి కాల్ రూమ్‌లో ప్రయత్నిస్తే పనిచేయదు. గట్టిగా, వేగంగా పీల్చినా తప్పే: రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, కంగారు రెట్టింపవుతుంది. బయటికి వదిలేది ఎప్పుడూ పొడవుగా ఉండాలి.

రెండోది, ఆడే ముందు చేసే చిన్న వరుస. బ్యాడ్మింటన్‌లో సర్వీస్ ముందు అనుకుందాం: ఒక శ్వాస, రాకెట్ పట్టు వదులు చేయడం, షటిల్ ఎక్కడ పడాలో ఒక్క చూపు, మనసులో ఒక్క మాట, సర్వీస్. ఎనిమిది పది సెకన్లు చాలు. ఆ మాట షటిల్ గురించో చోటు గురించో ఉండాలి. "మణికట్టు ఇలా తిప్పాలి" అని సొంత కదలికల మీద ధ్యాస పెడితే ఒంటికి అలవాటైన పని చెదిరిపోతుంది. బాగా వచ్చిన ఆట ఫైనల్లో రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

"ఈసారి సెలెక్ట్ కాకపోతే నా బతుకు ఇంతే" లాంటి ఆలోచన ఆగకుండా తిరుగుతుంటే సాయంత్రం 15 నిమిషాలు దానికే కేటాయించి, కాగితం మీద రాసి, పక్కన వాస్తవం రాయండి. సెలక్షన్ పోతే వచ్చే సీజన్ ఉంది. ఇంటర్‌లో పేపర్ పోతే అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. మిగతా వేళల్లో అదే ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయాలి. మొదటి వారం ఇది కుదిరినట్టే అనిపించదు, రెండో వారానికి పట్టు చిక్కుతుంది.

గాయమైన పిల్లలకు

మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటుకు ఆపరేషన్ అయితే మళ్లీ పోటీకి దిగడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. ఆ నెలల్లో నొప్పికన్నా ఎక్కువగా కుంగదీసేది జట్టు నుంచి విడిపోవడం. అందుకే వారంలో మూడు రోజులైనా గ్రౌండ్‌కు వెళ్లండి, ఏదో ఒక పని అడిగి తీసుకోండి: టైమింగ్ రాయడం, వీడియో తీయడం, జూనియర్లకు వార్మప్ చేయించడం. లక్ష్యాలు వారం వారం ఉండాలి. ఈ వారం కాలు పూర్తిగా చాచగలగడం, వచ్చే వారం సైకిల్ 15 నిమిషాలు అన్నట్టుగా. ఆడటానికి ఒళ్లు సిద్ధమైనా మళ్లీ దెబ్బ తగులుతుందన్న భయం పోకపోతే ఫిజియోకు ఆ మాట చెప్పండి. ఆ భయంతోనే దిగితే ఆటగాడు కాలు దాచుకుంటూ ఆడతాడు, మళ్లీ గాయపడే ముప్పు పెరుగుతుంది.

డాక్టరు, మందులు, డోపింగ్ నిబంధనలు

ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటు వల్ల అక్కడికి వెళ్లడానికి జంకేవారు చాలామంది. ఓపీకి వెళ్లడమంటే చీటీ తీసుకుని, చూపించుకుని, ఇంటికి రావడమే. నోటుపుస్తకం, రక్త పరీక్షల కాగితాలు, వాడుతున్న మాత్రలు, ప్రోటీన్ పొడులు, ఆయుర్వేద మందుల పేర్లు అన్నీ పట్టుకెళ్లండి. మందు రాసేముందే "నేను ఫలానా ఆట ఆడతాను, డోప్ టెస్టు ఉండొచ్చు" అని చెప్పండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆందోళనకు తరచూ రాసే ప్రొప్రనొలాల్ ఆర్చరీ, షూటింగ్ ఆటగాళ్లకు పోటీల్లోనే కాదు, పోటీలు లేని రోజుల్లో కూడా నిషిద్ధం. ధ్యాస నిలవని పిల్లలకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అన్ని ఆటల్లోనూ పోటీ సమయంలో నిషిద్ధం. అది తప్పనిసరైతే టీయూఈ అనే మినహాయింపు ముందే తీసుకోవాలి. కుంగుబాటుకు ఎక్కువగా రాసే ఫ్లూయోక్సెటీన్, ఎస్సిటలోప్రామ్ నిషిద్ధ జాబితాలో లేవు. ఏ మందైనా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో చూసుకున్నాకే వేసుకోండి.

ఈ మందులు వేసుకున్న మర్నాడే పనిచేయవు, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో వికారం, స్థిమితం లేకపోవడం ఉండొచ్చు. పాతికేళ్లలోపు వారిలో తొలి వారాల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లు గమనిస్తూ ఉండాలి. బాగైపోయిందని నెలలోనే మానేయడం పెద్ద తప్పు. ఆపడం కూడా డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గిస్తూనే చేయాలి. మాటలతో చేసే చికిత్స సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 8 నుంచి 16 సిట్టింగులు ఉంటుంది. పోటీల క్యాలెండర్ ముందే ఇస్తే సిట్టింగులు దానికి తగ్గట్టు సర్దుతారు.

తిరిగి గ్రౌండ్‌కు, మళ్లీ తిరగబెట్టకుండా

రెండు వారాలకు మించి ఆగి ఉంటే మొదటి వారం పాత భారంలో సగం, రెండో వారం మూడొంతులు, మూడో వారం పూర్తిగా చేయండి. పోటీ ఆ తర్వాతే. ఏ వారంలోనైనా నిద్ర ఆరు గంటలకన్నా తగ్గితే తర్వాతి మెట్టు ఎక్కకండి.

నోటుపుస్తకం మొదటి పేజీలో మీ తొలి లక్షణాలు మూడు రాసుకోండి, ఉదాహరణకు "టిఫిన్ మానేస్తాను, ఫోన్లు ఎత్తను, స్పైకులు సంచిలోంచి తీయబుద్ధి కాదు". వాటి కింద మొదట ఫోన్ చేసే మనిషి పేరు, కోచ్‌తో ముందే ఒప్పుకున్న తగ్గింపు, 14416 రాయండి. ఈ పేజీ ఫొటో ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి, ఎందుకంటే ఆ లక్షణాలు మీకన్నా ముందు వాళ్లకే కనిపిస్తాయి. తర్వాత ఏడాది క్యాలెండర్ తెరిచి మార్చి పరీక్షలు, ఎంట్రన్స్ రోజులు, రాష్ట్ర సెలక్షన్స్ గుర్తుపెట్టి, ఒక్కోదానికి రెండు వారాల ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి.